గడప నుంచి పిట్టగోడ దాకా: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఇల్లు కట్టించుకుంటున్నప్పుడు మేస్త్రీ గానీ వడ్రంగి గానీ అన్న ఏ మాట మీకు అర్థం కాలేదో రాయమని కిందటి సంచికలో అడిగాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. మా నాన్న కోనసీమలో వడ్రంగి. నేను కాకినాడలో సివిల్ డిప్లొమా చేసి, 1989లో హైదరాబాదు వచ్చి, ముప్పై ఏళ్లు సైట్ల మీద సూపర్‌వైజరుగా పనిచేశాను. అందువల్ల ఒకే వస్తువుకు మా ఊరి పేరూ, ఇక్కడి పేరూ రెండూ నా నోట్లో ఆడుతుంటాయి. పేరు తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లను, పోట్లాడుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మొదటి ఉత్తరం అలాంటిదే.

ప్రశ్న: మేడమ్, మేము డాలస్‌లో ఉంటాం. గుంటూరు దగ్గర మా ఊళ్లో నాన్న ఇల్లు కట్టిస్తున్నారు. "బేస్‌మెంట్ అయిపోయింది, మేస్త్రీకి డబ్బు పంపు" అన్నారు. ప్లానులో లేని బేస్‌మెంట్ ఎవరు కట్టమన్నారని కోప్పడ్డాను. ఆయన ఫోను పెట్టేశారు. మాట్లాడి వారమైంది. అసలు అక్కడ ఏం కట్టారు?

మీ నాన్నగారు సరిగ్గానే చెప్పారు. మన ఊళ్లలో బేస్‌మెంట్ అంటే నేల కింద గది కాదు. పునాది మట్టిలోంచి పైకి వచ్చాక, బయటి నేల నుంచి ఇంటి లోపలి గచ్చు దాకా కట్టే ఎత్తు భాగం అది. ఇంజనీర్లు దాన్ని ప్లింత్ అంటారు. పనివాళ్ల నోట "బేస్‌మట్టం" అని కూడా వింటారు. ఇంగ్లీషు మాటలోకి మన "మట్టం" వచ్చి కూర్చుంది, అర్థం కూడా చక్కగా కుదిరింది. నేల కింద గదిని మనవాళ్లు సెల్లార్ అంటారు. ప్రభుత్వ ఇళ్ల పథకాల్లో కూడా బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్, స్లాబ్ అని దశలు చూసే బిల్లు ఇస్తారు. అక్కడా బేస్‌మెంట్ అంటే ఇదే.

ముందు నాన్నగారికి ఫోన్ చేయండి. తప్పు ఆయనది కాదు, మీదీ కాదు, ఆ మాటది. ఆ తర్వాత రెండు సంగతులు అడగండి. ఒకటి, బేస్‌మెంట్ లోపల నింపిన మట్టిని ఒక్కసారే పోశారా, పొరలుగా పోశారా? ఆరేడు అంగుళాల పొర పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టి, ఆ పైన ఇంకో పొర పోయాలి. లారీలతో ఒక్కసారే గుమ్మరించిన మట్టి రెండు వానాకాలాల్లో దిగుతుంది, దానితోపాటు పైన వేసిన టైల్సూ దిగుతాయి. రెండోది, బేస్‌మెంట్ రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉంది? రోడ్డు వేసిన ప్రతిసారీ కొంత లేస్తుంది. పాతికేళ్ల కిందట కట్టిన ఎన్నో ఇళ్లకు ఈరోజు వాకిట్లోంచి కిందికి దిగాల్సి వస్తోంది. రోడ్డు మీద రెండడుగులకు తగ్గకుండా ఉంటే మంచిదని నేను చెబుతాను. టేపు పట్టి ఒక ఫోటో తీసి పంపమనండి.

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగం హైదరాబాదులో, ఇల్లు ఇక్కడే కట్టుకుంటున్నాం. ఇనుము కొట్టువాడు "నాలుగు సూత్" రాడ్డు అంటాడు, బిల్లులో 12 ఎం.ఎం. అని ఉంటుంది. మా నాన్నగారు "నూలు" అంటారు. ఈ సూత్ ఎంత? నన్ను మోసం చేస్తున్నారా?

అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక భాగం ఒక సూత్. మా నాన్న దాన్నే నూలు అనేవాడు. "రెండు నూళ్లు తియ్యమ్మా" అంటే చెక్క పావు అంగుళం తగ్గించమని. నూలన్నా దారమే, సూత్ అన్నా దారమే. వడ్రంగి పనంతా దారంతోనే మొదలవుతుంది కాబట్టి ఆ కొలతకు ఆ పేరు ఎంత తగిందో అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు మీ లెక్క. ఒక సూత్ మూడు మిల్లీమీటర్ల పైన కొంచెం. మూడు సూత్‌లంటే దాదాపు తొమ్మిదిన్నర, దాన్ని 10 ఎం.ఎం. రాడ్డుకు వాడతారు. నాలుగు సూత్‌లు 12 ఎం.ఎం., అయిదు 16, ఆరు 20. సరిగ్గా సరిపోవు, దగ్గరి లెక్క మాత్రమే. ఇది పాత అలవాటు, మోసం కాదు. మోసం జరిగితే బరువులో జరుగుతుంది.

దానికి ఒక సులువైన లెక్క ఉంది. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, 162తో భాగించండి. మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎం.ఎం. అయితే 144ని 162తో భాగిస్తే 0.89 కిలో. రాడ్డు 12 మీటర్ల పొడవు వస్తుంది కాబట్టి ఒక్కోటి పది కిలోల ఆరువందల గ్రాములకు కొంచెం పైన తూగాలి. కొద్ది తేడాను నిబంధనలే ఒప్పుకుంటాయి. కానీ ఒక్కో రాడ్డు తొమ్మిదిన్నర కిలోలే తూగితే తిప్పి పంపేయండి. లోడు దిగిన రోజే తూయించాలి. పని మొదలయ్యాక అడిగితే జవాబు చెప్పేవాడు ఉండడు.

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా. స్లాబ్ పోసి ఆరు రోజులైంది. సెంట్రింగ్ రేపు విప్పుతానని మేస్త్రీ అంటున్నాడు. మా బావగారేమో 21 రోజులు ఉంచాలంటున్నారు. ఎవరి మాట వినాలి? సెంట్రింగ్, షట్టరింగ్ ఒకటేనా?

మాట సంగతి ముందు చెప్పేస్తాను. కమాను కట్టేటప్పుడు అది నిలబడేదాకా కింద ఆసరాగా పెట్టే చెక్క చట్రాన్ని ఇంగ్లీషులో సెంటరింగ్ అనేవారు. కమానులు పోయాయి, పేరు స్లాబ్ కిందికి వచ్చింది. మన పనివాళ్లు కింద నిలబెట్టే జాకీలు, సరుగుడు బాదులు, పైన పరిచే ఇనప రేకులు, పక్కలకు కట్టే పలకలు అన్నిటినీ కలిపి సెంట్రింగ్ అనేస్తారు. ఇంజనీర్లు కాంక్రీటుకు ఆకారమిచ్చే పలకలను షట్టరింగ్ అంటారు.

ఇక రోజులు. భారత ప్రమాణాల్లో ఐఎస్ 456 అనే పుస్తకం ఉంది, 2000లో సవరించినది. అది ఇలా చెబుతుంది. గది వెడల్పు 4.5 మీటర్ల లోపు, అంటే సుమారు 14 అడుగుల 9 అంగుళాల లోపు ఉంటే స్లాబ్ కింద ఆసరాలు 7 రోజులకు తీయొచ్చు. అంతకు మించితే 14 రోజులు. బీములకు 6 మీటర్ల లోపు 14, ఆ పైన 21 రోజులు. అంటే మీ మేస్త్రీ ఏడు రోజులూ పుస్తకంలో ఉంది, మీ బావగారి ఇరవై ఒక్క రోజులూ అందులోనే ఉంది. అయితే ఈ రోజులు మామూలు ఓపీసీ సిమెంటుకు చెప్పినవి. ఇప్పుడు ఊళ్లలో ఎక్కువగా దొరుకుతున్నది బూడిద కలిసిన పీపీసీ. అది నెమ్మదిగా గట్టిపడుతుంది. మీ బస్తా మీద ఏం రాసి ఉందో చూడండి. పీపీసీ అయితే గది చిన్నదైనా రెండు వారాలు ఉంచండి. బీముల కింద మూడు వారాలు కదపనివ్వకండి.

బాల్కనీ గానీ, పెద్ద సన్‌షేడ్ గానీ ఉంటే ఇంకా జాగ్రత్త. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి ఊరుకున్నది కాదు. 1996లో హైదరాబాదులో ఒక సైట్లో నాలుగడుగులు బయటికి వచ్చిన బాల్కనీ ఒకటి పోశాం. నేను ఆదివారం సెలవు తీసుకున్నాను. ఇంకో చోట జాకీలు కావాల్సి వచ్చి కాంట్రాక్టరు మనుషులు అయిదో రోజునే వాటిని లాగేశారు. అదీ గోడ వైపు నుంచి మొదలుపెట్టారు. అలా తీస్తే బాల్కనీ అంచు జాకీ మీద, వెనక భాగం గోడ మీద ఆగి, నడుమ కిందికి వంగుతుంది. బాల్కనీ కాంక్రీటులో ఇనప ఊచలు పైభాగంలో ఉంటాయి, అడుగున ఆ బరువును పట్టేది ఏమీ ఉండదు. అడుగున బీట తీసింది. భయపడి మిగిలిన జాకీలూ ఒక్కసారే గుంజారు. అంచు విరిగి కింద ఉన్న కుర్రాడి పాదం మీద పడింది. రెండు వేళ్లు పోయాయి. అతను పందొమ్మిదేళ్లవాడు. ఆ తర్వాత జాకీ విప్పేరోజు నేను సెలవు పెట్టలేదు.

కాబట్టి బయటికి వచ్చిన భాగాలకు ఆసరాలు చివరి అంచు నుంచి గోడ వైపుకు తీస్తూ రావాలి. ముందు అంచు, ఆఖర్న గోడ పక్క. ఆ భాగం మీద వెనక గోడ బరువు పడాల్సి ఉంటే గోడ లేచేదాకా ఆసరా తీయకూడదు. మీ మేస్త్రీని "అంచు నుంచి తీస్తావా, గోడ నుంచి తీస్తావా" అని అడగండి. వెంటనే సరైన జవాబు వస్తే పని తెలిసినవాడే.

సెంట్రింగ్ ఉంచినా, తీసినా నీళ్లు మానొద్దు. స్లాబ్ మీద సిమెంటు గట్లతో మడులు కట్టి నీళ్లు నిలపాలి. పీపీసీకి 10 రోజులు, ఎండలు మండుతుంటే 14 రోజులు.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. "మేస్త్రీ" అని పిలిస్తే చిన్నచూపు అవుతుందా?

కాదమ్మా. పోర్చుగీసు భాషలో "మెస్త్రె" అంటే గురువు, పనిలో ఆరితేరినవాడు. ఆ మాటే సముద్రం దాటి వచ్చి మేస్త్రీ అయింది. మన ఇళ్లలోని అలమార కూడా ఆ భాష నుంచి వచ్చిందే. "మేస్త్రీ గారూ" అని పిలువు. మా నాన్నను ఊళ్లో అలా పిలిచినవాళ్ల పేర్లు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి.

ప్రశ్న: కాంట్రాక్టు కాగితంలో "సజ్జలతో కలిపి" అని రాసుకున్నాం. నేను గదుల్లో సామాన్లు పెట్టుకునే సజ్జలనుకున్నాను. ఆయనేమో కిటికీల మీద బయటికి వేసేవే అంటున్నాడు. లోపలివి కావాలంటే అదనంగా ఇమ్మంటున్నాడు. నేను నిజామాబాద్, ఆయనది వేరే జిల్లా.

ఈ ఒక్క మాట మీద నేను సైట్లో కనీసం పది పంచాయితీలు చేసి ఉంటాను. హిందీలో ఛజ్జా అంటే కిటికీ మీద నీడకు, వానకు వేసే పలక. తెలుగులో సజ్జ అంటే చాలా ఇళ్లలో లోపలి గోడకు, తలెత్తు పైన ఉండే సామాన్ల పలక. కొందరు దాన్నే అటక అంటారు, ఇప్పుడు లాఫ్ట్ అనడం ఎక్కువైంది. బయటిదాన్ని పనివాళ్లు సన్‌షేడ్ అని, ఇంకా ఎక్కువగా "సన్‌సైడు" అని అంటారు. మీ ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదని నా నమ్మకం. సగం సగం భరించుకుని పని ఆగకుండా చూసుకోండి.

మిగిలిన పనికైనా కాగితంలో పేరు ఒక్కటే రాసి వదిలేయకండి. ఎక్కడ, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎన్ని, అంతా రాయండి. "పడకగదిలో తూర్పు గోడకు, లోపల, 2 అడుగుల వెడల్పు సజ్జ, గోడ పొడవంతా" అని రాస్తే ఏ జిల్లావాళ్లకైనా ఒకే అర్థం వస్తుంది. చదరపు అడుగు రేటు మాట్లాడుకున్నవాళ్లు ఇంకొకటి తేల్చుకోవాలి. స్లాబ్ కొలతా, గోడల బయటి కొలతా? సన్‌షేడ్లు, మెట్లు, పిట్టగోడ ఆ కొలతలో ఉన్నాయా, లేవా? ఇవి ముందే అడిగితే మొహమాటంగా ఉంటుందని మానేస్తారు. ఆఖరి బిల్లు రోజు ఆ మొహమాటం ఎవరికీ ఉండదు.

ప్రశ్న: లప్పం, పుట్టీ ఒకటేనా?

పని ఒకటే. రంగుకు ముందు గోడ మీది, చెక్క మీది గుంటలు పూడ్చి నునుపు చేయడం. పెయింటర్లు చేత్తో కలుపుకునేదాన్ని లప్పం అనేవారు, ఇప్పుడు సంచిలో వచ్చే పొడిని పుట్టీ అంటున్నారు. చెక్కకు పెట్టేది గోడకు, గోడకు పెట్టేది చెక్కకు పెట్టనివ్వకండి.

ప్రశ్న: మాది కడప. "5×3 దర్వాజా" అని హైదరాబాదు వడ్రంగి అంటే నేను తలుపు సైజనుకున్నాను. గుమ్మం, గడప, దర్వాజా, ద్వారబంధం వేరు వేరా?

కడప నుంచి ఈ ప్రశ్న రావడం నాకు సంతోషంగా ఉంది. గడపను మీ వైపు, తెలంగాణలోనూ కడప అంటారు. తిరుమల వెళ్లే యాత్రికులకు అది మొదటి గడప కాబట్టే మీ ఊరికి ఆ పేరు వచ్చిందని మీ దగ్గరే చెప్పుకుంటారు కదా. మా ఊళ్లో షెల్ఫులకు, వంటగట్టుకు వేసే నల్లటి బండను కూడా "కడప రాయి" అనే అడుగుతారు. అంటే మీ ఊరి పేరు రెండు విధాలుగా ఇళ్లలోకి వచ్చింది.

తలుపు బిగించే చట్రం మొత్తం ద్వారబంధం. దాన్నే తెలంగాణలో దర్వాజా అంటారు. కింద కాలు దాటే చెక్క గడప. గుమ్మం అంటే చట్రం అని కొందరు, ఆ చోటంతా అని కొందరు వాడతారు. తిరిగేది తలుపు రెక్క. రెక్కను చట్రానికి పట్టి ఉంచేవి మడత బందులు. "రెండు రెక్కల తలుపు" అన్నప్పుడు రెక్క మాట ఎంత అందంగా ఉంటుందో గమనించారా?

5×3 అనేది చట్రంలో వాడిన చెక్క మందం, అంగుళాల్లో. తలుపు సైజు కాదు. కలప లెక్క కూడా ఇక్కడే తెలుసుకోండి. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు చట్రానికి నిలువు చెక్కలు రెండు కలిపి 14 అడుగులు, పైదీ గడపా కలిపి 7 అడుగులు, మొత్తం 21 అడుగులు. 5ని 3తో, దాన్ని 21తో గుణిస్తే 315. దాన్ని 144తో భాగిస్తే సుమారు 2.19 ఘనపు అడుగులు. అడితిలో దీన్ని సీఎఫ్‌టీ అంటారు. చివర్లు గోడలోకి వదిలితే కొంచెం పెరుగుతుంది. వడ్రంగి నాలుగు సీఎఫ్‌టీ పట్టిందంటే మిగతా కలప ఎక్కడికి పోయిందో అడిగే హక్కు మీకుంది. అయితే ఒక మాట, కోతకు, చిత్రికకు కొంత పోతుంది. 5×3 అని కొన్న చెక్క నాలుగు పక్కలా చిత్రిక పట్టాక పావు అంగుళం దాకా తగ్గి ఉంటే వడ్రంగిని అనుమానించకండి. పొట్టు పోకుండా నునుపు రాదు.

ఉత్తరం: అమ్మా, నాకు 78 ఏళ్లు. కోనసీమలో వడ్రంగిని. మీ శీర్షికలో అన్నీ సిమెంటు మాటలే రాస్తున్నారు. మా మనవడు ఇంటీరియర్ పని చేస్తాడు. వాడికి బాడిస తెలీదు, బరమా తెలీదు. రంపం కూడా మిషనే. మా మాటలు కూడా ఒకసారి వేయండి.

తాతగారూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు చెప్పింది నిజం, ఈసారి చోటు మీకే.

మా నాన్న పెట్టెలో ఉలులు అయిదు ఉండేవి, ఒక్కోటి ఒక్కో వెడల్పు. చెక్కను పైపైన చెక్కి ఆకారానికి తేవడానికి బాడిస. అది కాళ్ల మధ్య చెక్క పెట్టుకుని ఆడించాల్సిన పనిముట్టు. నాన్న బాడిస పట్టినప్పుడు అమ్మ మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. చిత్రిక మా వైపు పేరు, హైదరాబాదు వచ్చాక దాన్నే రందా అంటే మొదట నాకు అర్థం కాలేదు. బెజ్జం వేయడానికి బరమా, కట్టిన తాడును ముందుకూ వెనక్కూ లాగితే గిర్రున తిరిగేది. మూల సరిగ్గా తొంభై డిగ్రీలు వచ్చిందో లేదో చూడటానికి మూలమట్టం. ఇక్కడ గునియా అంటారు. నిలువు చూడటానికి దారానికి కట్టిన గుండు, అడ్డం చూడటానికి రసమట్టం.

దూలం మీద వాసాలు, వాసాల మీద పెంకు, వాసాల చివర గోడ దాటి బయటికి దిగితే చూరు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట మా పిల్లలకు తెలుసు, వాసం మాత్రం చూడలేదు. మంచానికి నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. మేకు లేకుండా, కోడులో తొలిచిన బెజ్జంలోకి పట్టె చివర దిగి బిగుసుకునేది. నాన్న చేసిన నులక మంచం 1978 నాటిది. నులక మూడుసార్లు మారింది, కోళ్లు అలాగే ఉన్నాయి.

మీ మనవడిని తక్కువ చేయకండి తాతగారూ. మిషను ఏదైనా, అతను ముందు గీత గీయాలి కదా. మా నాన్న బొగ్గు నీళ్లలో ముంచిన దారాన్ని దుంగ రెండు చివర్లా బిగించి, నడుమ వేలితో ఎత్తి టక్కున వదిలేవాడు. దుంగ పొడవునా నల్లటి గీత పడేది. మొన్న ఒక సైట్లో పాతికేళ్ల కుర్రాడు నీలం పొడి పెట్టిన డబ్బీలోంచి దారం లాగి ప్లైవుడ్ మీద అలాగే టక్కున కొట్టాడు. ఏమంటారు దీన్ని అని అడిగితే, "దారం కొట్టడమండీ" అన్నాడు. మా నాన్న కూడా ఆ మాటే అనేవాడు.